సర్కారు ఉద్యోగం వచ్చింది, జీతం పడుతోంది... అయినా పొద్దున్నే పనికి పోబుద్ధి కావట్లేదు, ఎందుకు?

సివిల్_సీను
2019 గ్రామ సచివాలయాల నోటిఫికేషన్‌లో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌గా సెలెక్ట్ అయ్యాను. అప్పట్లో 1.26 లక్షల పోస్టులకు 20 లక్షల మందికి పైగా అప్లై చేశారు. రిజల్ట్ రోజు మా వీధంతా స్వీట్లు పంచారు. ప్రొబేషన్ అంతా 15,000 మీద నెట్టుకొచ్చాం. 2022లో రెగ్యులర్ పే స్కేల్ వచ్చింది. ఇప్పుడు డబ్బుకి ఇబ్బంది లేదు.

ఇబ్బందల్లా పనితోనే. చదివింది సివిల్. చేసేదేమో ఒకటో తారీఖు తెల్లారకముందే పింఛన్ల డబ్బు సంచిలో వేసుకుని గడప గడపకీ తిరగడం. అది అయ్యాక ఏదో ఒక సర్వే. తర్వాత ఈకేవైసీ. యాప్‌లో ఫొటో పెట్టాలి, ఫొటో సరిగా రాలేదని మళ్లీ పోయి ఇంకో ఫొటో తీయాలి. రోజంతా ఎండలో తిరిగినా సాయంత్రానికి ఇదీ నేను చేసింది అని చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. వాట్సాప్ గ్రూపులో మన పర్సెంటేజీ ఎర్ర రంగులో ఉందని చీవాట్లు మాత్రం మిగులుతాయి.

రిజైన్ అన్న మాట ఎత్తితే మా నాన్న అన్నం మానేస్తాడు. మీకు మీ పనిలో తృప్తి ఉందా? ఉంటే దేనివల్ల? దయచేసి జీతం అని ఒక్క ముక్కలో తేల్చేయకండి.

పల్నాడు_పవర్
జీతం.

సివిల్_సీను
అనుకున్నా.

బొగ్గుట్ట_బిడ్డ
పవర్ అన్న అన్నదాంట్లో నవ్వేదేం లేదు. నేను సింగరేణిలో అండర్‌గ్రౌండ్ చేస్తా. కిందికి దిగినంక ఉక్క, బురద, బూట్లలోకి నీళ్లు. పని మీద ప్రేమతో గనిలోకి ఎవ్వడూ దిగడు తమ్మీ. దసరా ముందు లాభాల వాటా పడ్తది చూడు, దానికోసం దిగుతాం. 2024లో 33 శాతం ఇచ్చారు. మేం తీసిన బొగ్గులో మాకూ పాలు ఉందని తెలుసు కాబట్టి మిషన్ ఆగితే ఫిట్టర్ కంటే ముందు మేమే ఉరుకుతాం. మీ ఆఫీసుల్లో ప్రింటర్ ఆగితే ఎవరన్నా ఉరుకుతారా?

పల్నాడు_పవర్
ప్రింటర్ ఆగితే మా ఆఫీసులో టీకి ఉరుకుతారు.

ఎంబీఏ_మూర్తి
సీను గారు అడిగినదాని మీద పాత పరిశోధన ఒకటి ఉంది. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే ఆయన అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో 200 మంది ఇంజనీర్లనూ అకౌంటెంట్లనూ కూర్చోబెట్టి, మీ ఉద్యోగంలో బాగా ఆనందం వేసిన సందర్భం ఒకటి, ఒళ్లు మండిన సందర్భం ఒకటి చెప్పండి అని అడిగాడు. 1959లో ఫలితాలు బయటపెట్టాడు. తమాషా ఏంటంటే రెంటికీ కారణాలు వేరే వేరే. ఒళ్లు మండినప్పుడు చెప్పినవి కంపెనీ రూల్సు, పైవాడి అజమాయిషీ, జీతం లాంటివి. ఆనందం వేసినప్పుడు చెప్పినవి ఏదో ఒకటి సాధించడం, నలుగురూ గుర్తించడం, పనే ఇష్టంగా ఉండటం. అంటే జీతం సరిగా లేకపోతే బాధపడతాం. సరిగా ఉంటే బాధ పోతుంది, అంతే. ఆనందం దానంతటది రాదు. సీను గారికి బాధ పోయింది, ఆనందం రాలేదు. రెండూ ఒక్కటి కాదు.

పల్నాడు_పవర్
మూర్తి గారూ, ఆయన అడిగింది ఇంజనీర్లనీ అకౌంటెంట్లనీ. అడ్డా మీద నిలబడే కూలీని అడిగి ఉంటే వేరే లెక్క వచ్చేది.

ఎంబీఏ_మూర్తి
ఆ విమర్శ అప్పుడే వచ్చింది. మంచి జరిగితే నా గొప్ప, చెడు జరిగితే కంపెనీ తప్పు అని మనుషులు మామూలుగానే చెప్పుకుంటారు కదా అని కూడా అన్నారు. అయినా సీను కూడా ఇంజనీరే కాబట్టి ఆయనకు పనికొస్తుందని రాశాను.

సీటు_జరగండి
ఆర్టీసీలో కండక్టర్‌ని, తెలంగాణ. 2019 సమ్మెలో 52 రోజులు జీతం లేకుండా ఉన్నదాన్ని కాబట్టి జీతం విలువ నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ మూర్తి గారు చెప్పినదాంట్లో నిజం ఉంది.

నాకు ఇదివరకు కలెక్షన్ అంటే పిచ్చి. రోజు చివర టికెట్లు కొట్టే టిమ్ మిషన్‌లో లెక్క తీసి, డిపోలో డబ్బు కట్టేటప్పుడు పక్క సర్వీసు కంటే మనది ఎక్కువ వస్తే ఆ మజానే వేరు. ఒకసారి నోటీస్ బోర్డు మీద నా పేరు రాశారు, మా ఆయన చూస్తాడని ఫొటో కూడా తీసుకున్నా. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకి ఫ్రీ బస్సు, అదే మహాలక్ష్మి పథకం, వచ్చాక బస్సు నిండా ఆడవాళ్లే, అన్నీ జీరో టికెట్లే. పని రెట్టింపు, తిట్లు మూడింతలు. మొదట్లో నాకూ సీను బాబులాగే అనిపించింది, ఈ జీరోలు కొట్టడానికా నేను అని.

తర్వాత ఒక విషయం గమనించాను. పొద్దున ట్రిప్పులో రోజూ ఎక్కే ఒకావిడ ఇళ్లల్లో పని చేస్తుంది. ఇంతకుముందు వారానికి మూడు నాలుగు రోజులే కనపడేది, మిగతా రోజులు నడిచేదట. ఇప్పుడు రోజూ ఎక్కుతోంది, ఇంకో ఇల్లు కూడా పట్టుకుంది. ఆ సంగతి నాతో చెప్పి ఆధార్ కార్డు తీయడం మర్చిపోయింది, కార్డు చూపించమ్మా అని గదిమాను. డ్యూటీ డ్యూటీయే.

పల్నాడు_పవర్
చివరి లైను సూపర్ అక్కా.

అంగన్‌వాడీ_కూతురు
ఇక్కడ అందరూ సేవ, గుర్తింపు అంటుంటే ఒక మాట చెప్పాలనిపిస్తోంది. మా అమ్మ ఏపీలో అంగన్‌వాడీ టీచర్. పిల్లలంటే ప్రాణం. బరువు తక్కువ పిల్లాడు ఉంటే ఆదివారం కూడా వాళ్లింటికి పోయి గుడ్డు తిన్నాడా లేదా చూసొచ్చేది. హెర్జ్‌బర్గ్ గారు చెప్పిన ఆనందాలన్నీ అమ్మకి పుష్కలంగా ఉన్నాయి. చేతికొచ్చేది మాత్రం 11,500 గౌరవ వేతనం. ఆ ప్రేమ చూసే కదా తక్కువ ఇచ్చినా చేస్తారులే అనుకుంటారు?

2023 డిసెంబర్‌లో సమ్మె మొదలైంది, 42 రోజులు నడిచింది. సమ్మెలు ఆపే చట్టం ఎస్మా పెట్టారు. అమ్మ టెంట్ కింద కూర్చుంది కానీ, సెంటర్ తాళాలు పగలగొట్టి వేరేవాళ్లతో తెరిపిస్తున్నారని తెలిసినప్పుడు ఏడ్చింది. ఉద్యోగం పోతుందని కాదు, వాళ్లకి ఏ పిల్లాడికి ఏది పడదో తెలియదని. నాకు అమ్మ మీద కోపం వచ్చింది. ఇంత ప్రేమ ఉన్నవాళ్లతో బేరం ఆడటం ప్రభుత్వాలకి ఎంత తేలికో.

గ్రాట్యుటీ కూడా ఊరికే రాలేదు. అంగన్‌వాడీలకు వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

సీటు_జరగండి
అమ్మకి నా నమస్కారం చెప్పమ్మా. సమ్మె టెంటు అంటే ఏంటో మాకు తెలుసు.

ఎంబీఏ_మూర్తి
మీరు చెప్పింది కాదనలేను. పైగా జీతం తక్కువైతే ఒళ్లు మండుతుందని హెర్జ్‌బర్గ్ కూడా ఒప్పుకున్నాడు. పని బాగుంది కదా అని జీతం తగ్గించమని ఆయన ఎక్కడా అనలేదు. మేనేజ్‌మెంట్ ట్రైనింగుల్లో ఆ సగం వదిలేసి మిగతా సగమే చెబుతారు.

ఓసీ_టిప్పర్
బొగ్గుట్ట అన్నా, మాకూ పాలు ఉందని రాశావు. ఎవరికి ఉంది? నేనూ సింగరేణి బొగ్గే మోస్తా, ఓపెన్‌కాస్టులో, కాంట్రాక్టు కింద. నువ్వు చెప్పిన ఆ 2024లోనే కాంట్రాక్టు కార్మికులకు మొట్టమొదటిసారి ఇచ్చారు, మనిషికి 5,000. మీకు సగటున లక్షా తొంభై వేల దాకా పడ్డాయి. దుమ్ము ఇద్దరి ముక్కులోకీ ఒకటే పోతది. ఆ 5,000 పడ్డ రోజు ఖుషీ కాలే, ఇంకా మండింది. దానికంటే ముందు ఏమీ ఇవ్వనప్పుడే నయం, పోల్చుకునేటోళ్లం కాదు.

బొగ్గుట్ట_బిడ్డ
నువ్వన్నది నిజమే తమ్మీ. మేం కూడా యూనియన్ మీటింగుల్లో అడుగుతున్నాం.

ఓసీ_టిప్పర్
మీటింగులో అడుగుతారు, లాభాల వాటా పడ్డాక మర్చిపోతారు.

బొగ్గుట్ట_బిడ్డ
అట్లనకు. నీ నంబర్ మెసేజ్ పెట్టు, మాట్లాడదాం.

డల్లాస్_బాబాయ్
ఐటీవాణ్ని, ఇక్కడ చాలా ఏళ్లుగా ఉన్నా. ఓసీ తమ్ముడు చెప్పిన పోలిక జబ్బు మా దగ్గరా ఉంది. ఎంత వస్తోంది అన్నదాని కంటే పక్క సీటువాడికి ఎంత వస్తోంది అన్నదే ఎక్కువ తినేస్తుంది.

నా సంగతి వింటే నవ్వుతారు. ఒక ప్రాజెక్టు మీద రాత్రీపగలూ పని చేశాం. తీరా జనం వాడకముందే పైవాళ్లు మూసేశారు. మంచి పని చేశారని మా టీమ్‌కి బోనస్ ఇచ్చారు. డబ్బు తీసుకున్నా, కారు మార్చా. కానీ ఆ తర్వాత ఏ పని ఇచ్చినా ఎందుకులే, ఇదీ మూసేస్తారుగా అనే అనిపించేది. డబ్బు ఎగ్గొట్టి ఉంటే కనీసం కోర్టుకి పోయేవాణ్ని, దీనికి ఎక్కడికి పోవాలి?

మానేయొచ్చుగా అంటారు. హెచ్1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజులే. కాబట్టి మోటివేషన్ అంటే నాకు చాలాకాలం ఆ కేలెండరే.

పల్నాడు_పవర్
బాబాయ్, మీ కారు కష్టం విని మా ఊరంతా కన్నీరు మున్నీరు.

డల్లాస్_బాబాయ్
ఏడవండి, ఈఎంఐ కూడా పంచుకోండి.

ఏజెన్సీ_మాస్టారు
పాడేరు వైపు ఏకోపాధ్యాయ పాఠశాల. ఒక్కణ్నే అన్ని తరగతులూ. బదిలీల కౌన్సెలింగ్‌లో కొండ దిగి కిందకి రావడానికి అవకాశం వచ్చినా రాలేదు, అందరూ నన్ను త్యాగమూర్తి అంటారు. అదేం కాదు. ఇక్కడ నా టైంటేబుల్ నాది. వాన పడితే వాన గురించి పాఠం. తీసివేతలు అర్థం కాకపోతే రోజంతా చింతగింజలతో తీసివేతలే. ఎవరూ వచ్చి ఆ పీరియడ్ అయిపోయింది మాస్టారూ అనరు. మైదానంలో పెద్ద హైస్కూల్లో చేసినప్పుడు జీతం ఇంతే, పిల్లలు ఇంతకంటే చురుకు, అయినా విసుగు వచ్చేది.

ఆ మధ్య రోజూ మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో పెట్టమన్నారు కదా. ఫొటో తీయడానికి పట్టేది రెండు నిమిషాలు. కానీ నన్ను నమ్మట్లేదన్న మాట దినమంతా గుచ్చుతుంది. సీను గారికి ఎండ కంటే ఆ రెండో ఫొటోయే ఎక్కువ బాధ అని నా అనుమానం.

ఇంకో మాట. ఎవరో వచ్చి థాంక్స్ చెబుతారని మాత్రం పని చేయకండి. నా దగ్గర చదివిన పిల్లల్లో సగం మంది సంతలో కనపడితే పక్క సందులోకి తప్పుకుంటారు, ఎక్కాలు అడుగుతానని.

సివిల్_సీను
మాస్టారూ, కరెక్ట్‌గా పట్టుకున్నారు. రెండో ఫొటోయే.

ఎంబీఏ_మూర్తి
మాస్టారు చెప్పినదానికి దగ్గరగా 1971లో ఎడ్వర్డ్ డెసీ చేసిన ప్రయోగం ఉంది. విద్యార్థులకు ముక్కలు పేర్చే పజిల్స్ ఇచ్చాడు. కొందరికి ఒక విడతలో పజిల్‌కి ఒక డాలర్ ఇచ్చి, తర్వాతి విడతలో ఆపేశాడు. ఖాళీగా వదిలేసినప్పుడు ఎవరు ఎంతసేపు వాటితో ఆడుకుంటారో చూశాడు. డబ్బు తీసుకున్నవాళ్లకి ఆ ఆసక్తి తగ్గింది. ఊరికే సరదాగా చేసే పనికి రేటు కట్టి, ఆ రేటు తీసేస్తే సరదా కూడా పోతుందని...

పల్నాడు_పవర్
మూర్తి గారూ, బొగ్గు తీయడం పజిల్ కాదండీ.

బొగ్గుట్ట_బిడ్డ
ఆయన్ని ఒక్క నైట్ షిఫ్టుకి పంపండి, సరదా తగ్గిందో పెరిగిందో చూద్దాం.

ఎంబీఏ_మూర్తి
వస్తాను, హెల్మెట్ ఇవ్వండి.

చిటికి_కట్టు
మాది పోచంపల్లి వైపు, నేత కుటుంబం. నేను మగ్గం వదిలేసి బ్యాంకు పనిలో పడ్డాను, అన్న ఇంకా నేస్తున్నాడు. పని ఇష్టమా డబ్బా అన్న చర్చలో మూడోది ఒకటి మిస్ అవుతోందనిపించింది. ఒళ్లు.

చీర అద్దకానికి ముందు ఆసు పోయాలి. దారాన్ని మేకుల చుట్టూ ఇటూ అటూ తిప్పుతూనే ఉండాలి, చీరకి కొన్ని వేల సార్లు చెయ్యి ఆడాలి. మా ఇళ్లల్లో ఆ పని ఆడవాళ్లది. మా నాయనమ్మకి డిజైన్లంటే మురిపెం, రంగు చూసి ఇది ఎవరు కట్టారో చెప్పేది. అంత ఇష్టం ఉన్న మనిషికి యాభై దాటేసరికి భుజం లేవలేదు, జడ వేసుకోవడానికి మా అమ్మని పిలిచేది. పద్మశ్రీ వచ్చిన చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేసింది కూడా వాళ్లమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేకనే. పేరు కూడా లక్ష్మీ ఆసు యంత్రం అనే పెట్టారు. ఆయన్ని అన్నేళ్లు దాని వెంట తిప్పింది జీతం కాదు, అప్పట్లో ఆయనకి జీతం ఇచ్చేవాడు ఎవడున్నాడు?

మిషన్ వచ్చాక మా వదిన ఆసు పని అంటే ముఖం చిట్లించదు. ఇష్టం గురించి ఉపన్యాసాలిచ్చే ముందు పని చేసేవాళ్ల నడుము, భుజం, మోకాలు ఒకసారి అడగండి.

అంగన్‌వాడీ_కూతురు
ఇది బాగా చెప్పారు.

సీటు_జరగండి
మోకాళ్లు అన్నారు కదా, దాని మీద వేరే టాపిక్ పెడతా. కండక్టర్లందరూ వస్తారు.

సివిల్_సీను
అందరూ ఇంత రాశారు, నా వైపు నుంచి కూడా ఒకటి రాయాలి. నిజానికి ఈ ఉద్యోగంలో నాకు నచ్చిన పని ఒకటి ఉంది. ఇది రాస్తుంటేనే గుర్తొచ్చింది.

మా ఊళ్లో ఒక కాలనీలో సైడ్ కాలువ. పాతది ఉన్నా వాన పడితే నీళ్లు వెనక్కి తన్ని ఇళ్లలోకి వచ్చేవి. కొత్తది శాంక్షన్ అయ్యింది. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి చాలా ఊళ్లు, లెవెల్స్ నువ్వే చూసుకో అన్నారు. పరికరం దొరకలేదు. మేస్త్రీ లెవెల్ చూసే నీళ్ల పైపు తెచ్చాడు, ఇద్దరం చెరో కొన పట్టుకుని గోడల మీద సుద్దతో గీతలు పెట్టుకుంటూ పోయాం. చూస్తే తూము దగ్గర కాలువ అడుగుభాగం పైకి ఉంది, మొదట్లో కిందకి ఉంది. నీళ్లు ఎలా పోతాయి? వంద మీటర్లకి అర మీటరు వాటం వచ్చేలా కొత్తగా గీతలు పెట్టి, తూము వైపు లోతుగా తవ్వించాను. కాంట్రాక్టర్ ఒకటే గొణుగుడు, తవ్వకం పెరిగిందని.

మొదటి వానకి గొడుగేసుకుని పోయి చూశా. నీళ్లు చెత్తని కూడా లాక్కుంటూ తూములోకి పోయాయి. నాకు ఎవరూ చెప్పలేదు పోయి చూడమని. దాని ఫొటో ఏ యాప్‌లోనూ లేదు. అలాంటి పని ఇన్నేళ్లలో మళ్లీ చేతికి రాలేదు.

ఏజెన్సీ_మాస్టారు
రాలేదా, మీరు అడగలేదా?

సివిల్_సీను
అడిగితే ఇస్తారని ఎవరనుకుంటారు మాస్టారూ, గవర్నమెంటులో.

రిటైర్డ్_ఏఈ
నేను అనుకుంటాను. పంచాయతీరాజ్‌లో చేసి రిటైరయ్యాను. బాబూ, ఏఈకి పని చేసే కుర్రాడు దొరకడం కంటే కావలసింది ఏముంటుంది? వాళ్ల నెత్తి మీద బోలెడు పనులుంటాయి, 2024 అక్టోబర్‌లో పల్లె పండుగ పెట్టి ఉపాధి హామీ నిధుల సీసీ రోడ్లు ఒకేసారి ఎన్ని మొదలుపెట్టారో చూశావుగా. నువ్వు పోయి, మా ఊరి పనుల్లో లెవెల్స్, క్వాలిటీ నేను చూస్తాను సార్ అను. కాంక్రీటు వేసే రోజు దగ్గరుండి అదే కాంక్రీటుతో 15 సెంటీమీటర్ల క్యూబులు పోయించు, నీళ్లలో ఉంచి 28 రోజులకి గట్టిదనం టెస్టుకి పంపించు. ఆ రిజల్టు కాగితం మీద నీ పని కనపడుతుంది. సర్వేలు ఎటూ పోవు, అవి చేస్తూనే ఇది చెయ్యి.

ఇంకోటి, నీళ్ల పైపులో గాలి బుడగ ఉంటే లెవెల్ తప్పు చూపిస్తుంది. ఈసారి రెండు కొనలూ పక్కపక్కన పెట్టి ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూసుకుని మొదలుపెట్టు.

పల్నాడు_పవర్
ఏఈ గారూ, ఎక్స్‌ట్రా పని చేస్తే ఎక్స్‌ట్రా పనే వస్తుంది, జీతం రాదు. సీనుకి ఒక పని బదులు రెండు పనులు అంటగడుతున్నారు.

అంగన్‌వాడీ_కూతురు
నేనూ అదే అనబోయాను. మా అమ్మ కథ అలాగే మొదలైంది.

రిటైర్డ్_ఏఈ
కాదనను తల్లీ. కానీ అమ్మగారికి ఇచ్చేది తక్కువ, అది పోరాడి పెంచుకోవాల్సిందే. ఇతనికి స్కేల్ ఉంది, రోజు గడవట్లేదు. రెంటికీ ఒకే మందు రాయలేను.

అంగన్‌వాడీ_కూతురు
సర్వేల భారం తగ్గించమని కూడా అడగమనండి మరి. ఊరికే మీద వేసుకోవడం ఎందుకు?

సివిల్_సీను
రెండూ అడుగుతా. మా అసోసియేషన్‌లో సర్వేల సంగతి ఎప్పటినుంచో నలుగుతోంది, ఈసారి నేను కూడా మీటింగుకి పోతా. ఏఈ గారిని సోమవారం కలుస్తా.

ఇంతకీ లెవెల్స్ చూసే పరికరం, ఆటో లెవెల్, అద్దెకి ఎక్కడైనా దొరుకుతుందా? మాది గుంటూరు వైపు.

డల్లాస్_బాబాయ్
టోటల్ స్టేషన్ అడుగు, ఆటో లెవెల్ ఏంటి ఈ రోజుల్లో.

రిటైర్డ్_ఏఈ
సైడ్ కాలువకి టోటల్ స్టేషన్ ఎందుకయ్యా, డాలర్లు ఎక్కువయ్యాయా? ఆటో లెవెల్ చాలు.

తాపీ_తనయుడు
ఇన్నాళ్లూ చదవడమే, ఇదే మొదటి పోస్టు. మా నాన్న తాపీ మేస్త్రీ, నేను చిన్న చిన్న కాంట్రాక్టులు చేస్తుంటా. ఆటో లెవెల్ నా దగ్గర ఉంది, తెనాలిలో. దాంతో వాడే కొలత కర్ర (స్టాఫ్) విరిగింది, అది మాత్రం మీరు తెచ్చుకోవాలి. అద్దె వద్దు, కాలువ పని ఉన్న రోజు చెప్పండి, నేనూ వస్తా.